కరెంటు పోయిందన్న మెసేజ్ కరెంటు వచ్చాకే వస్తోంది: ఇంటి సర్వర్‌కి అలర్ట్ ఎలా పెట్టాలి?

వేపచెట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో అమ్మానాన్నల దగ్గర ఒక చిన్న సర్వర్ పెట్టాను. సెకండ్ హ్యాండ్ మినీ పీసీ, 4 టీబీ డిస్కు, డెబియన్ లైనక్స్. ఇంటిల్లిపాది ఫోటోలు, చెల్లి పెళ్లి వీడియో, నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. నేనుండేది హైదరాబాద్‌లో, మియాపూర్.

దానికి 600 వీఏ యూపీఎస్ ఉంది, వెనక యూఎస్‌బీ పోర్టు ఉన్న రకం. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, అంటే యూపీఎస్ సంగతి సర్వర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్, అదే మనం నట్ అంటాం కదా, అది వేశాను. కరెంటు పోగానే టెలిగ్రామ్ బాట్ నాకు మెసేజ్ పంపాలి. నెట్ లేకపోతే దొరికేదాకా ప్రయత్నిస్తూ ఉండమని కూడా స్క్రిప్టులో రాశాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు యూపీఎస్ పెట్టిన స్విచ్ ఆపి చూశాను. మూడు సెకన్లలో ఫోన్ మోగింది. ఇక దిగుల్లేదని బస్సెక్కేశాను.

మొన్న గురువారం మధ్యాహ్నం 3:15కి రెండు మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది "కరెంటు పోయింది, 3:03". రెండోది "కరెంటు వచ్చింది, 3:12". పోయిందన్న కబురు, వచ్చాక మూడు నిమిషాలకి చేరింది! అప్పటికి అమ్మ ఎప్పుడో ఫోన్ చేసి "ఒరేయ్, ఇక్కడ కరెంటు లేదు, ఉక్కకి చచ్చిపోతున్నాం" అని చెప్పేసింది. నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా నా అలర్ట్ సిస్టమ్ మా అమ్మే.

స్క్రిప్టులో తప్పా, నట్‌లో తప్పా? రెండు రోజులుగా లాగులు (సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తున్నా అర్థం కావట్లేదు.

టెర్మినల్‌తాత | శనివారం, రాత్రి 9:52

రౌటర్ ఎక్కడుంది బాబూ?

వేపచెట్టు | శనివారం, రాత్రి 9:58

హాల్లో, టీవీ పక్కన. సర్వర్ లోపలి గదిలో, బీరువా మీద.

...

అయ్యో.

టెర్మినల్‌తాత | శనివారం, రాత్రి 10:20

అదే. స్క్రిప్టు తప్పు లేదు, నట్ తప్పూ లేదు. సంక్రాంతికి మీరు యూపీఎస్ స్విచ్ ఒక్కటే ఆపారు. రౌటర్ అప్పుడు హాయిగా వెలుగుతోంది, మెసేజ్ వెళ్లింది. గురువారం మొత్తం ఇల్లే ఆరిపోయింది. సర్వర్ బతికే ఉంది, కబురు చెబుదామని తలుపు తడుతూనే ఉంది, కానీ బయటికి దారి లేదు. కరెంటు వచ్చి, రౌటర్ లేచి, లైను పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మీ 3:12కీ 3:15కీ మధ్య తేడా అదే.

ఇకమీద పరీక్ష చేసేటప్పుడు మెయిన్ స్విచ్చే ఆపండి. యూపీఎస్ ప్లగ్గు మాత్రం పీకొద్దు. ప్లగ్గు పీకితే ఎర్తు కూడా పోతుంది. స్విచ్ ఆపితే ఫేజ్ పోతుంది, ఎర్తు ఉంటుంది.

రౌటర్‌కి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, సబ్బు డబ్బా అంత ఉంటుంది. ఫైబర్ డబ్బా, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ పెట్టాలి. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో నాన్నగారిని చదివి చెప్పమనండి. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే అది వేరే కథ.

మజ్జిగపులుసు | శనివారం, రాత్రి 10:41

ఇంత తతంగం ఎందుకండీ, అమ్మగారు ఫోన్ చేస్తున్నారు కదా. నెలకి ఖర్చు కూడా లేదు 😀

వేపచెట్టు | శనివారం, రాత్రి 10:55

నిజమే కానీ, మూడేళ్ల కిందట వేసవిలో వాళ్లు పది రోజులు చెల్లి దగ్గరికి వెళ్లారు. ఇల్లు తాళం. అప్పటి యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయింది. ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంటే, సర్వర్ ఆరుసార్లు ఉన్నపళాన ఆగి లేచింది. ఆ సంగతి నాకు తెలిసింది వాళ్లు తిరిగొచ్చి "ఆ డబ్బా కిర్రుకిర్రుమంటోంది" అన్నప్పుడు. డిస్కు పోయింది. అదృష్టం బాగుండి ఇంకో కాపీ నా దగ్గరుంది, కానీ మూడు వారాల ఫోటోలు మళ్లీ దొరకలేదు. మొదటిసారి పోయినప్పుడే తెలిసుంటే ఇక్కణ్నుంచి లాగిన్ అయ్యి పద్ధతిగా ఆపేసేవాణ్ని.

ఉక్కునగరం | ఆదివారం, ఉదయం 7:15

రౌటర్‌కి యూపీఎస్ పెట్టగానే పని అయిపోదని మాత్రం చెప్పగలను. మా విశాఖలో నేనూ అదే చేశాను. కరెంటు పోయింది, రౌటర్ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, నెట్ మాత్రం చచ్చింది. చూస్తే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మీటర్ల పక్కన గోడకి ఒక ఇనప డబ్బా. దానిలో కేబుల్ ఆపరేటర్ పెట్టిన నెట్‌వర్క్ స్విచ్, మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌కి మార్చేది). దాని ప్లగ్గు సెల్లార్ లైటు లైన్లోంచి! బిల్డింగ్‌కి కరెంటు పోతే అందరి నెట్టూ పోతుంది.

నేరుగా ఎక్స్ఛేంజ్ నుంచి ఫైబర్ వచ్చే రకమైతే మధ్యలో ఉండేది ఫైబర్‌ని పంచే స్ప్లిటర్ మాత్రమే, దానికి కరెంటు అక్కర్లేదు. అలాంటి లైనైతే మీ డబ్బాకి బ్యాటరీ ఉంటే చాలు. మీది ఏ రకమో ముందు చూసుకోండి. ఆపరేటర్‌ని అడిగితే "మా దగ్గర బ్యాకప్ ఉందండి" అంటాడు, నమ్మకండి. కరెంటు లేనప్పుడు చూడండి.

వేపచెట్టు | ఆదివారం, ఉదయం 9:30

నాన్నగారిని మెట్ల కిందకి పంపాను. ఉంది. అదే ఇనప డబ్బా 🙏

కోఠిస్పేర్స్ | ఆదివారం, ఉదయం 10:05

అన్నా, నేను సర్వర్ మీదే అప్‌టైమ్ కుమా వేసి పెట్టాను. అన్ని సర్వీసులనీ అదే చూస్తుంది, ఏది ఆగినా టెలిగ్రామ్‌లో చెప్తుంది. అది సరిపోదా?

టెర్మినల్‌తాత | ఆదివారం, ఉదయం 10:22

చావు కబురు చచ్చినవాడే వచ్చి చెప్పాలన్నట్టుంది నాయనా.

కుమా మంచిదే. కానీ అది ఆ ఇంట్లో ఉండకూడదు. ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని అక్కడ పెట్టు. పెట్టినా, బయటి నుంచి ఇంటిని పింగ్ చేద్దామంటే (ఉన్నావా అని తట్టి చూద్దామంటే) మన దగ్గర చాలా కనెక్షన్లకి కుదరదు. ఒకే పబ్లిక్ అడ్రసు వెనక వందల ఇళ్లని కట్టేస్తారు, బయటి నుంచి మీ తలుపు ఎవరికీ కనపడదు. అందుకని తిరగేసి చేయాలి. ఇంటి సర్వరే నిమిషానికోసారి బయటికి "ఉన్నాను" అని చెప్పాలి. అవతలివాడు వింటూ కూర్చుంటాడు. ఐదు నిమిషాలు పలుకు లేకపోతే వాడు అరుస్తాడు. కుమాలో పుష్ రకం మానిటర్ అంటే ఇదే. సొంతంగా నడిపే ఓపిక లేకపోతే హెల్త్‌చెక్స్ అనే సర్వీసు ఉంది. ఒక లింకు ఇస్తుంది, క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) పెట్టి కర్ల్ కమాండుతో ఆ లింకుని తట్టడమే. ఎంతకోసారి తట్టాలి, ఎంతసేపు ఓపిక పట్టాలి అన్నవి రెండూ మనమే పెట్టుకోవచ్చు.

ఇందులో సుఖం ఏంటంటే పోయింది కరెంటా, రౌటరా, ఫైబరా, డిస్కా అన్నదాంతో పని లేదు. ఏది పోయినా పలుకు ఆగుతుంది. కష్టం కూడా అదే. ఏది పోయిందో చెప్పదు.

ఉక్కునగరం | ఆదివారం, ఉదయం 10:40

తాతగారి మాటకి నా అనుభవం కలుపుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మొదట ఇళ్లు ఆరిపోయాయి, తర్వాత సెల్ టవర్లూ పలకడం మానేశాయి. అలాంటప్పుడు ఇంట్లోంచి పంపే ఏ ఎస్సెమ్మెస్సూ, ఏ బాటూ పనికిరావు. బయట ఉన్నవాడు "వీడి నుంచి పలుకు లేదు" అని గమనించడం తప్ప దారి లేదు. బెంగళూరులో ఉన్న మా అన్నయ్య ఆ రెండు రోజులూ ఫోన్ చేస్తూ చేస్తూ ఎలా ఉండిపోయాడో ఇప్పటికీ చెప్తాడు.

లైన్‌మన్‌గారబ్బాయి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

మా నాన్న ముప్పై ఏళ్లు లైన్ మీద పనిచేసి రిటైర్ అయ్యారు. "కరెంటు పోయింది" అని మీరంతా ఒకే మాట అంటున్నారు కానీ ఆయన లెక్కలో అవి నాలుగైదు వేర్వేరు సంగతులు.

11 కేవీ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైను, ట్రిప్పయితే ఊళ్లో ఒక పక్కంతా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇళ్ల వైపు ఉండే ఎల్‌టీ ఫ్యూజు ఒకటి పోతే ఒక ఫేజ్ ఇళ్లే పోతాయి, ఎదురింట్లో టీవీ మోగుతూ ఉంటుంది. చెట్టుకొమ్మలు కొట్టడానికి ఎల్‌సీ (లైన్ క్లియర్, పని కోసం లైను ఆపే అనుమతి) తీసుకుంటే చెప్పిన టైమంతా ఉండదు, అది ముందే పేపర్ జిల్లా పేజీలో వేస్తారు. మీ ఇంట్లో ఎంసీబీ ఒక్కటే పడితే అది మీ గొడవ.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి. ఫీడర్ ట్రిప్పయ్యాక సబ్‌స్టేషన్లో ఒకసారి ఛార్జ్ చేసి చూస్తారు. లైన్లో ఫాల్ట్ ఇంకా ఉంటే రెండు సెకన్లలో మళ్లీ పడిపోతుంది. కాసేపాగి మళ్లీ చూస్తారు. వేపచెట్టు గారి సర్వర్ ఆరుసార్లు ఆగి లేచిందన్నారు చూడండి, నాకు అదే అనిపించింది. కాబట్టి వచ్చిన కరెంటుని వెంటనే నమ్మొద్దు. మా ఇంట్లో కరెంటు వచ్చాక ఐదు నిమిషాలదాకా ఫ్రిజ్ వెయ్యనిచ్చేవారు కాదు నాన్న.

వేపచెట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:32

ఇది చాలా విలువైన ముక్క అండీ. నా బయాస్‌లో (పీసీ ఆన్ అవ్వడాన్ని నడిపే సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ అవ్వాలని పెట్టి ఉంది. అంటే రెండు సెకన్ల కరెంటుకి కూడా అది లేవబోయి పడింది అన్నమాట.

టెర్మినల్‌తాత | ఆదివారం, మధ్యాహ్నం 2:05

బయాస్ సెట్టింగు అలాగే ఉంచండి, లేకపోతే అసలు లేవదు. ఆలస్యం యూపీఎస్ దగ్గర పెట్టాలి. నట్ సెట్టింగుల్లో ఆన్‌డిలే అని ఉంటుంది: గోడ కరెంటు వచ్చాక ఎంతసేపాగి అవతలికి ఇవ్వాలో అది. అన్ని యూపీఎస్‌లూ ఆ మాట వినవు, మీది వింటుందో లేదో పరీక్షించి చూడండి.

ఇంకో చిక్కు కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అయ్యింది. యూపీఎస్ మాత్రం ఇంకా వెలుగుతోంది. సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చేసింది. సర్వర్ దృష్టిలో కరెంటు పోనే లేదు, కాబట్టి తిరిగి లేవదు. మీరిక్కడ, అది అక్కడ, నాన్నగారు వెళ్లి బటన్ నొక్కాలి. అందుకే షట్‌డౌన్ చివర్లో యూపీఎస్‌ని కూడా ఆర్పేయమని నట్ చెప్తుంది. ఆ ముక్క పనిచేస్తోందా అని ఒక్కసారైనా పూర్తిగా ఆర్పి చూసుకోవాలి.

ఎగ్జిక్యూట్ ఫ్లాగు సంగతి మీకు తెలిసే ఉంటుంది, కొత్తవాళ్ల కోసం రాస్తున్నా. నట్ మామూలుగా కరెంటు పోతే లాగులో రాసి, టెర్మినల్ మీద చూపించి ఊరుకుంటుంది. మన స్క్రిప్టు నడపాలంటే ఆ సంఘటనకి ఎగ్జెక్ అన్నది కూడా చేర్చాలి. చేత్తో నడిపితే పనిచేసి, నట్ నడిపితే పనిచెయ్యకపోతే మాత్రం స్క్రిప్టుని కాదు, పర్మిషన్లని చూడండి. నట్ తన సొంత యూజర్‌తో నడుస్తుంది, మీ హోమ్ ఫోల్డర్లోకి దానికి ప్రవేశం ఉండదు.

పాతల్యాప్‌టాప్ | ఆదివారం, సాయంత్రం 5:48

యూపీఎస్ లేనివాళ్ల గురించి కూడా మాట్లాడండి గురూ. నా సర్వర్ ఒక పాత ల్యాప్‌టాప్. స్క్రీన్ పగిలిపోయింది, బ్యాటరీ మాత్రం గంటన్నర లాగుతోంది. మూత వేస్తే నిద్రపోకుండా ఒక్క సెట్టింగు మార్చా, అంతే. ఛార్జింగ్ ఉందా లేదా అన్నది లైనక్స్‌లో ఒక చిన్న ఫైలులో ఉంటుంది. సిస్, క్లాస్, పవర్ సప్లై ఫోల్డర్లో ఆన్‌లైన్ అనే ఫైలు. కరెంటుంటే 1, లేకపోతే 0. ఇంతకన్నా తేలికైన మీటరు ఉండదు.

నేను మొదట నిమిషానికోసారి చదివేవాణ్ని. తర్వాత యూడెవ్ (పరికరాల్లో మార్పుల్ని గమనించే లైనక్స్ భాగం) రూల్ రాశా, మారిన క్షణంలోనే చెప్తుంది. యూడెవ్ రూల్లోంచి నేరుగా నెట్ పని చేయించకండి, కాసేపట్లో చంపేస్తుంది. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) సర్వీసుని లేపమని చెప్పండి, ఆ సర్వీసు మెసేజ్ పంపుతుంది.

కోఠిస్పేర్స్ | ఆదివారం, సాయంత్రం 6:30

నాది ఇన్వర్టర్ ఇల్లు. సర్వర్, రౌటర్ అన్నీ ఇన్వర్టర్ లైన్లోనే. కాబట్టి కరెంటు పోయిన సంగతి సర్వర్‌కి తెలియదు. బ్యాటరీ అయిపోయాక అంతా ఒకేసారి ఆరుతుంది.

తాతగారు అన్నాక కుమాని బయటికి మార్చాను. కానీ కరెంటు ఉందా లేదా అని కనిపెట్టే పని నాకు ఇంకా ముందే కావాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కి కలపని ప్లగ్గు ఒకటి వెతికాను. ఏసీది, గీజర్‌ది సాధారణంగా ఇన్వర్టర్ మీద ఉండవు. అక్కడ ఒక పాత మొబైల్ ఛార్జర్ పెట్టి, దాని 5 వోల్టులని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు దాకా తెచ్చాను. నేరుగా కలిపితే పిన్ను కాలిపోతుంది, అది 3.3 వోల్టులే తట్టుకుంటుంది. మధ్యలో 10 కిలో ఓముల రెసిస్టరు, పిన్ను నుంచి గ్రౌండుకి 20 కిలో ఓములది పెడితే సరిగ్గా 3.3 వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లకి చిల్లర ఇస్తే చాలు.

230 వోల్టులని బోర్డు దగ్గరికి తెచ్చే సర్క్యూట్లు వీడియోల్లో చూపిస్తుంటారు. వద్దు. ఛార్జర్ ఉండగా మనకి ఆ సాహసం ఎందుకు.

మోటార్‌స్టార్టర్ | ఆదివారం, రాత్రి 8:12

మీరు చెప్పేదంతా విని నాకు నవ్వొస్తోంది. మాది జగిత్యాల దగ్గర ఊరు. మా నాయన బోరు మోటరుకి సిమ్ము ఉన్న స్టార్టర్ పెట్టించిండు, ఎన్నేండ్లో అయింది. కరెంటు రాగానే ఆయన ఫోన్‌కి రింగ్ వస్తది. పోయినా చెప్తది, ఒక ఫేజ్ లేకున్నా చెప్తది. ఇంట్లో కూసోని మోటర్ ఆన్ చేస్తడు. నేను సాఫ్ట్‌వేర్ చదివి సర్వర్‌కి అలర్ట్ పెట్టలేకపోయిన, ఆయన పత్తిచేనుల పెట్టుకున్నడు.

దాన్ని చూసే నేను సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్ము పెట్టి కాల్ చేసే చిన్న బోర్డు) తెచ్చి మిస్డ్ కాల్ ఇచ్చేటట్టు చేసిన. మిస్డ్ కాల్‌కి పైసలు పడవు, డేటా అక్కర్లేదు, పడుకున్నా లేపుతది.

ప్లేనోలో | ఆదివారం, రాత్రి 8:50

మిస్డ్ కాల్ భలే ఆలోచన! నేను టెక్సస్ నుంచి. సర్వర్ గుంటూరులో అత్తగారింట్లో. మాకు రాత్రి అయినప్పుడు అక్కడ పగలు. టెలిగ్రామ్ మెసేజ్ వస్తే తెల్లారేదాకా చూడను. అందుకని అలర్టుని మా మరిదికి కూడా పెట్టాను, అతను ఊళ్లోనే ఉంటాడు. పోయిన సంగతి తెలిసి చేసేదేమీ లేనప్పుడు నన్ను లేపి లాభమేంటి?

కరెంటు కష్టాలు ఇండియాకే అనుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఇక్కడ మాకు రెండు రోజులు కరెంటు లేదు, బయట మైనస్ చలి. గుంటూరు సర్వర్ నిక్షేపంగా నడుస్తూ ఉంది, నా ఇంటి సర్వరే పోయింది.

కోఠిస్పేర్స్ | ఆదివారం, రాత్రి 9:05

@మోటార్‌స్టార్టర్ అన్నా, సిమ్800ఎల్ 2జీ మాత్రమే కదా. జియో సిమ్ము పనిచెయ్యదు, వాళ్లకి 2జీ లేదు. ఇంకోటి, కాల్ చేసేటప్పుడు అది క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. చిన్న ఛార్జర్‌తో పెడితే సరిగ్గా కాల్ కలిసే టైముకి రీసెట్ అయిపోతుంది. నాకు వారం పట్టింది అది కనిపెట్టడానికి.

మోటార్‌స్టార్టర్ | ఆదివారం, రాత్రి 9:20

అవునన్నా, నాది కూడా గట్లనే అయింది. లిథియం బ్యాటరీ పెట్టినంక సాఫ్. సిమ్ము మాత్రం ఊరికే పెట్టి మర్చిపోవద్దు. మూడు నెలలు వాడకపోతే నంబరు తీసేసినా తీసేస్తరు.

మజ్జిగపులుసు | ఆదివారం, రాత్రి 9:44

ఒక చిన్న సందేహం. బ్యాటరీ, సిమ్ము, మొబైల్ డేటా, ఛార్జింగ్ ఉందో లేదో తెలుసుకునే పరికరం. ఇవన్నీ కలిపి ఒకే డబ్బాలో ఇచ్చే వస్తువు ప్రతి ఇంట్లో సొరుగులో పడుంది కదా? దాన్నే పాత ఫోన్ అంటారు.

నిన్న వెక్కిరించాను కదా అని ఈరోజు పనికొచ్చేది చెప్తున్నా. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల స్టోర్ నుంచి టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో కమాండ్లు, స్క్రిప్టులు నడిపే యాప్), దానితోపాటు టెర్మక్స్ ఏపీఐ వెయ్యండి. బ్యాటరీ స్టేటస్ అడిగితే ఛార్జర్ పెట్టి ఉందో లేదో చెప్తుంది. ఎస్సెమ్మెస్ కూడా పంపుతుంది. స్క్రిప్టు రాయడం రాకపోతే మాక్రోడ్రాయిడ్ యాప్‌లో "ఛార్జర్ తీసినప్పుడు ఇది చెయ్యి" అని వేలితో నొక్కి పెట్టుకోవచ్చు.

వేపచెట్టు | ఆదివారం, రాత్రి 10:01

మజ్జిగపులుసు గారూ, దండం 🙏 నాన్నగారి పాత ఫోన్ దేవుడి గూట్లో పడుంది. వచ్చే వారం వెళ్తున్నా, పెట్టేస్తా.

పాతల్యాప్‌టాప్ | ఆదివారం, రాత్రి 10:15

పెట్టేముందు ఒక మాట. ఫోన్ ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. మా ఇంట్లో ఒకటి వెనక మూత ఊడిపోయేంత ఉబ్బింది. బీరువా మీద బట్టల దగ్గర పెట్టకండి, గాలి తగిలేచోట, రాతి గట్టు మీద పెట్టండి. నెలకోసారి అమ్మగారిని వీడియో కాల్లో చూపించమనండి. బల్ల మీద పెడితే ఊగుతోందంటే తీసెయ్యాల్సిందే. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగు ఉన్న ఫోనైతే ఇంకా మంచిది. కానీ అప్పుడు "ఛార్జ్ అవుతోందా" అని కాదు, "ఛార్జర్ పెట్టి ఉందా" అని అడగాలి. రెండూ వేరు.

బ్యాటరీ పొదుపు పేరుతో వెనక నడిచే యాప్‌లని చంపేసే అలవాటు కొన్ని ఫోన్లకి ఉంది. టెర్మక్స్‌ని దాన్నుంచి మినహాయించండి. లేకపోతే మూడో రోజుకి నిశ్శబ్దం.

వేపచెట్టు | తరువాతి ఆదివారం, సాయంత్రం 4:25

రాజమండ్రి వెళ్లొచ్చాను. ఏం చేశానో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పాత ఫోన్‌ని వంటింటి గట్టు చివర ప్లగ్గుకి పెట్టాను, వైఫై తీసేసి మొబైల్ డేటాతోనే. నెల అద్దెకి ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకున్నాను. దాని మీద ఒక చిన్న స్క్రిప్టు వింటూ ఉంటుంది. ఇంటి సర్వర్ నిమిషానికోసారి "ఉన్నాను, యూపీఎస్ గోడ కరెంటు మీద ఉంది" లేదా "బ్యాటరీ మీద ఉంది" అని చెప్తుంది. ఫోన్ తన సంగతి తాను చెప్తుంది. రౌటర్‌కి డీసీ యూపీఎస్ పెట్టలేదు. ఆ ఇనప డబ్బా ఉన్నంతకాలం దండగ.

ఆ తర్వాత మెయిన్ ఆపాను. నాన్నగారు వాచీ పట్టుకుని నిలబడ్డారు, అమ్మ "పప్పు పొయ్యి మీదుంది, మిక్సీ వెయ్యాలి, తొందరగా తేల్చు" అంటోంది. నలభై సెకన్లకి నా ఫోన్ మోగింది. ముప్పై సెకన్లు కావాలనే పెట్టిన ఆలస్యం. లేకపోతే మినుకు మినుకుమన్న ప్రతిసారీ మెసేజే. నట్‌లో కూడా యూపీఎస్ షెడ్యూల్ అనే భాగంలో ముప్పై సెకన్ల టైమర్ పెట్టాను, ఈలోపు కరెంటు వస్తే రద్దు.

మెయిన్ అలాగే ఉంచి బ్యాటరీ అయ్యేదాకా చూద్దామనుకున్నా. యూపీఎస్ 100 శాతం చూపిస్తూ చూపిస్తూ పదకొండో నిమిషంలో లో బ్యాటరీ అంది. కొత్తలో గంట లాగింది. రెండున్నరేళ్ల బ్యాటరీ, ఉక్కపోత గది. షాపుకెళ్లి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ తెచ్చి మార్చాను. అలర్ట్ కోసం కూర్చుంటే అసలు రోగం బయటపడింది.

టెర్మినల్‌తాత | తరువాతి ఆదివారం, సాయంత్రం 5:02

ఆ శాతం లెక్కని నమ్మకండి, చాలా చవక యూపీఎస్‌లు వోల్టేజీ చూసి ఊహించి చెప్తాయి. ఆర్నెల్లకోసారి ఇలా మెయిన్ ఆపి గడియారం చూడండి. షట్‌డౌన్ అయ్యాక తిరిగి లేచిందా?

వేపచెట్టు | తరువాతి ఆదివారం, సాయంత్రం 5:10

లేచింది తాతగారూ. ఆన్‌డిలే మాట కూడా విన్నది, మూడు నిమిషాలాగి లేచింది.

వేపచెట్టు | బుధవారం, మధ్యాహ్నం 12:47

ఈరోజు పొద్దున 11:20కి మొదటి అలర్ట్. "కరెంటు పోయింది". మీటింగ్‌లో ఉన్నా, గుండె ఝల్లుమంది. ల్యాప్‌టాప్ తీసి చూస్తే సర్వర్ గోడ కరెంటు మీదే హాయిగా ఉంది. అమ్మకి ఫోన్ చేశా. "కరెంటు ఉందిరా. కొబ్బరి పచ్చడికి మిక్సీ ప్లగ్గు కావాలని ఆ ఫోన్‌ది పీకాను. మళ్లీ పెట్టేశాలే" అంది.

లైన్‌మన్‌గారబ్బాయి | బుధవారం, మధ్యాహ్నం 1:05

😂😂 ఇద్దరు సాక్షులున్నారు కదండీ. ఇద్దర్నీ అడిగాకే తీర్పు చెప్పమనండి మీ క్లౌడ్ స్క్రిప్టుని.

వేపచెట్టు | బుధవారం, రాత్రి 11:30

చేశాను. ఫోన్ "పోయింది" అన్నా, గత నిమిషంలో సర్వర్ "గోడ కరెంటు మీదున్నా" అని చెప్పి ఉంటే ఇంకో నిమిషం ఆగుతుంది. అప్పుడూ సర్వర్ అదే మాటంటే మెసేజ్ మారుతుంది: "ఎవరో ఛార్జర్ పీకారు". సర్వర్ నుంచి పలుకే లేకపోతేనో, బ్యాటరీ మీదున్నానంటేనో "కరెంటు పోయింది". ఫోన్ బాగుండి సర్వర్ ఒక్కటే పలక్కపోతే "నెట్ పోయింది, లేదా సర్వర్ ఆగింది". ఇద్దరూ పది నిమిషాలు పలక్కపోతే "ఎవరూ పలకట్లేదు" అని నాకు, పక్కింటి మావయ్యగారి అబ్బాయికి ఇద్దరికీ.

వేపచెట్టు | శుక్రవారం, ఉదయం 8:15

"ఎవరో ఛార్జర్ పీకారు" అని ఇప్పుడే వచ్చింది. ఫోన్ చేసి "అమ్మా, ఇడ్లీ చట్నీయా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వక్కడ కూర్చుని నేను ప్లగ్గు పీకినా చూస్తున్నావురా?" అంది. నాన్నగారు గీజర్ స్విచ్ పక్కన ఇంకో ప్లగ్గు వేయించడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచారట.